సగం ఊరికి టీకా సరిపోదు

(నర్సింగ్ సూపరింటెండెంట్ కలం నుండి)



ఇంట్లో చిన్నపిల్లలకు ఆటలమ్మ పోసినప్పుడు మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఒక మాట అంటుంటారు. "పోనీలే, చిన్నతనంలోనే వచ్చి పోయింది. పెద్దయ్యాక వస్తే తట్టుకోలేరు" అని. నర్సింగ్ చదువుకొనే రోజుల్లో మేము ఈ మాట విని నవ్వుకొనేవాళ్ళం. పాతకాలపు నమ్మకం అనుకొనేవాళ్ళం. ఇన్నేళ్ళు వార్డుల్లో గడిపిన తర్వాత, ఆ మాటలో సగం నిజం ఉందని ఒప్పుకుంటున్నాం.

ఒకే వైరస్ వేర్వేరు వయసుల్లో వేర్వేరుగా ప్రవర్తిస్తుంది. ఆటలమ్మ ఆరేళ్ళ పిల్లవాడికి వారం రోజుల దురద. అదే ముప్పై ఏళ్ళ మనిషికి ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. గవదబిళ్ళలు పిల్లలకు బుగ్గల వాపుతో పోతాయి. యుక్తవయసు దాటిన మగవారిలో వృషణాలు కూడా వాయవచ్చు. నీటి ద్వారా వచ్చే ఎ రకం కామెర్లు చిన్నపిల్లల్లో చాలాసార్లు తెలియకుండానే పోతాయి, పెద్దవారిని వారాల తరబడి మంచం పట్టిస్తాయి. కాబట్టి ఒక జబ్బు ఎంత ప్రమాదకరం అని అడిగేవారు, అది ఏ వయసులో మనల్ని కలుస్తుంది అని కూడా అడగాలి.

అయితే అమ్మమ్మ మాటలో రెండో సగం నిజం కాదు. "అందుకని చిన్నప్పుడే రానిద్దాం" అనేది ఆ సగం. టీకా ఉన్న కాలంలో జబ్బును పిలిచి పీట వేయనక్కరలేదు. కానీ టీకాను అరకొరగా వేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వార్డులో దొరకలేదు, లెక్కల్లో దొరికింది. ఆ లెక్క మీకు చెప్పాలనే ఈ వ్యాసం.

కరోనా నేర్పిన పాఠం

2020లో కరోనా వచ్చినప్పుడు టీవీల్లో గీతలు, అంచనాలు అందరం చూశాం. "గణిత నమూనా" అనే మాట మనలో చాలామంది మొదటిసారి విన్నది అప్పుడే. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల సమాచారంతో పరిశోధకులు ఒక పెద్ద అధ్యయనం చేసి, సైన్స్ అనే పత్రికలో ప్రచురించారు. మన రాష్ట్రాల ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చిన 5 లక్షల 75 వేల మందికి పైగా కాంటాక్టుల వివరాలు దానికి ఆధారం. ఎండలో పట్టీలు పట్టుకొని తిరిగిన ఏఎన్ఎంల, ఆశా కార్యకర్తల కష్టం అందులో ఉంది.

ఆ అధ్యయనంలో, కరోనా నిర్ధారణ అయిన 5 నుంచి 17 ఏళ్ళ వారిలో మరణాలు 0.05 శాతం. 85 ఏళ్ళు దాటిన వారిలో 16.6 శాతం. వైరస్ ఒకటే, రాష్ట్రాలు అవే, ఆసుపత్రులు అవే. వయసు మారింది, అంతే. ఒకే వయసువారి మధ్య జబ్బు ఎక్కువగా అంటుకుంటోందని కూడా అందులో తేలింది. బడిపిల్లలు బడిపిల్లలతో, ముసలివారు ముసలివారితో ఎక్కువసేపు గడుపుతారు కదా!

వయసు గురించి వేసే ప్రతి లెక్కా ఈ రెండు విషయాల మీదే నిలబడుతుంది. ఏ వయసువారు ఎవరితో కలుస్తున్నారు? ఏ వయసులో సోకితే ఎంత నష్టం? ఈ రెండూ తెలిస్తే, "ఫలానా వయసువారికి టీకా వేస్తే ఏమవుతుంది" అని ముందుగా కాగితం మీద వేసి చూడవచ్చు.

ఈ లెక్క మనకు కొత్తది కాదు

దానియేల్ బెర్నౌలీ అనే శాస్త్రవేత్త 1760లోనే మశూచికి ఇలాంటి లెక్క వేశాడు. మశూచి వల్ల పోయే ప్రాణాలను మినహాయిస్తే సగటు ఆయుష్షు సుమారు మూడేళ్ళు పెరుగుతుందని వయసుల వారీగా పట్టిక రాసి చూపించాడు.

మన సికింద్రాబాదుకు కూడా ఈ చరిత్రలో చోటుంది. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న సర్ రోనాల్డ్ రాస్ అక్కడే పనిచేశారు. బేగంపేటలోని ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇదంతా పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఆయన లెక్కల మనిషి కూడా అన్న సంగతి తక్కువమందికి తెలుసు. ఊళ్ళో ప్రతి దోమనూ చంపనక్కరలేదనీ, దోమల సంఖ్య ఒక హద్దు కంటే తగ్గితే చాలు మలేరియా తనంతట తానే అణగిపోతుందనీ ఆయన గణితంతో వాదించారు. "ఒక హద్దు" అన్న ఈ మాటను గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

దద్దుర్లు చిన్నవి, దెబ్బ పెద్దది

ఇక మేము చెప్పదలచిన జబ్బు రూబెల్లా. జర్మన్ మీజిల్స్ అని కూడా అంటారు. పిల్లలకు వస్తే కొంచెం జ్వరం, చెవుల వెనుక, మెడ మీద బిళ్ళలు, రెండు మూడు రోజులు సన్నని ఎర్రని దద్దుర్లు. కొందరికి అవి కూడా కనబడవు. వేడి చేసిందని మజ్జిగ తాగించి ఊరుకుంటారు. నిజంగానే బిడ్డ కోలుకుంటుంది.

అదే వైరస్ గర్భిణికి మొదటి నెలల్లో సోకితే కథ వేరు. 1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడు, పుట్టుకతోనే శుక్లాలతో ఉన్న 78 మంది పసిబిడ్డల వివరాలు ప్రచురించారు. వారిలో చాలామంది తల్లులకు గర్భం తొలి దశలో రూబెల్లా వచ్చి ఉంది. అప్పటివరకు ఎవరూ పట్టించుకోని ఆ చిన్న జబ్బు అసలు స్వరూపం అలా బయటపడింది. కంటిలో శుక్లం, వినికిడి లోపం, గుండె లోపాలు, ఎదుగుదల మందగించడం, వీటిలో ఒకటిగానీ అన్నీగానీ బిడ్డకు రావచ్చు. మొదటి పన్నెండు వారాల్లో తల్లికి సోకితే బిడ్డకు హాని జరిగే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. గర్భస్రావం కూడా కావచ్చు. ఇరవై వారాల తర్వాత ఈ ప్రమాదం చాలా తగ్గిపోతుంది.

1964, 1965 సంవత్సరాల్లో అమెరికాలో రూబెల్లా పెద్దఎత్తున వ్యాపించింది. కోటీ 25 లక్షల మందికి సోకిందని అంచనా. సుమారు 20 వేలమంది పిల్లలు ఈ లోపాలతో పుట్టారు. 1969లో టీకా వచ్చింది.

మా వార్డులో చూసిన ఒక బిడ్డ మాకు ఇంకా గుర్తుంది. ఇది దేశంలో అందరికీ ఈ టీకా రాకముందు మాట. కాన్పు మామూలుగానే జరిగింది. బిడ్డ బరువు రెండు కిలోలకు తక్కువ. టార్చి వేసి చూస్తే రెండు కంటిపాపలూ తెల్లగా ఉన్నాయి. డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తీయలేదు. రెండో నెలలో ఏమైనా జ్వరం వచ్చిందా అని తల్లిని అడిగితే, బాగా ఆలోచించి చెప్పింది. పుట్టింటికి వెళ్ళినప్పుడు అక్క కొడుక్కి దద్దుర్లు వచ్చాయట, తరువాత తనకూ నాలుగు లేచి పోయాయట. "నాకు రెండు రోజులే కదా సిస్టరమ్మా ఉన్నాయి. నా బిడ్డకెందుకు ఇంత జరిగింది?" అని ఆమె అడిగిన ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర ఓదార్పు తప్ప జవాబు లేదు.

జవాబు ఇది. ఆమె అక్క కొడుకు వయసులోనే ఆమెకు ఆ జబ్బు వచ్చిపోయి ఉంటే, లేదా చిన్నప్పుడు టీకా పడి ఉంటే, ఆ రెండు రోజుల దద్దుర్లు వచ్చేవే కావు. పిల్లల జబ్బు ఆమెను తప్పు వయసులో కలిసింది.

పలకమీద వేసుకొనే లెక్క

ఇప్పుడు లెక్క చూద్దాం. ఐదో తరగతి భాగహారం వస్తే చాలు.

ఒక ఊరు అనుకోండి. అందరి ఆయుష్షు 70 ఏళ్ళు అనుకోండి. ఎవరికీ రక్షణ లేనిచోట రూబెల్లా వచ్చిన ఒక మనిషి సుమారు ఆరేడుగురికి అంటిస్తాడు. మనం 7 అనుకుందాం. ఆయుష్షును ఈ సంఖ్యతో భాగిస్తే, ఆ ఊళ్ళో జబ్బు సోకే సగటు వయసు స్థూలంగా వస్తుంది. 70ని 7తో భాగిస్తే 10. అంటే టీకా లేని ఊళ్ళో పదేళ్ళకు కాస్త అటూ ఇటూగా చాలామందికి రూబెల్లా వచ్చిపోతుంది. జబ్బు ఎంత ఉధృతంగా తిరిగితే పిల్లలను అంత చిన్న వయసులోనే పట్టుకుంటుందన్నమాట.

ఇప్పుడు ఆ ఊళ్ళో పుట్టే పిల్లల్లో సగంమందికి టీకా వేశామనుకోండి. రోగి కలిసే ఏడుగురిలో సగంమందికి రక్షణ ఉంది. కాబట్టి అతడు అంటించేది మూడున్నర మందికి. జబ్బు ఆగలేదు, నెమ్మదించింది. టీకా పడని పిల్లలను వెతుక్కుంటూ రావడానికి దానికి ఎక్కువకాలం పడుతుంది. 70ని 3.5తో భాగించండి. 20 వస్తుంది.

పదేళ్ళ పిల్ల ఐదో తరగతిలో ఉంటుంది. మన ఊళ్ళలో ఇరవై ఏళ్ళ పిల్లకు పెళ్ళయి, నెల తప్పి, మా ఓపీ బయట బల్ల మీద కూర్చుని ఉంటుంది.

ఇందులో మోసం ఎక్కడుందో చూడండి. సగం టీకాతో ఊళ్ళో మొత్తం కేసులు తగ్గుతాయి. దద్దుర్ల పిల్లలు ఓపీకి రావడం తగ్గుతుంది. రిజిస్టరు చూసినవారికి అది విజయంగానే కనబడుతుంది. కానీ మిగిలిన ఆ కొద్ది కేసులు పిల్లల వయసు దాటి తల్లుల వయసులోకి జరుగుతాయి. జ్వరాల లెక్క తగ్గుతూ ఉండగానే, శుక్లాలతో పుట్టే పిల్లల లెక్క పెరగవచ్చు. కంటికి కనబడని ఈ ప్రమాదాన్ని లెక్క మాత్రమే ముందుగా చూపించగలదు.

ఇక ఏడుగురిలో ఆరుగురికి రక్షణ ఉంటే? రోగి అంటించేది ఒక్కరికే. అంతకు మించి రక్షణ ఉంటే ఒక్కరికి కూడా కాదు. గొలుసు తెగిపోతుంది. ఏడింట ఆరు వంతులంటే వందకు సుమారు 86 మంది. రోనాల్డ్ రాస్ చెప్పిన "హద్దు" ఇలాంటిదే. హద్దు దాటి టీకా వేస్తే, వేయించుకోలేని బిడ్డకూ రక్షణ దొరుకుతుంది. హద్దు ఇవతల ఆగిపోతే జబ్బు ఊళ్ళోనే ఉంటుంది, వయసు మాత్రం మార్చుకుంటుంది.

రెండు దేశాలు, రెండు దారులు

ఈ లెక్క మీద పెద్ద చర్చే జరిగింది. టీకా రాగానే అమెరికా 1969 నుంచి చిన్నపిల్లలందరికీ, ఆడ మగ తేడా లేకుండా వేయడం మొదలుపెట్టింది. వైరస్‌నే లేకుండా చేయాలన్నది వారి ఉద్దేశం. బ్రిటన్ 1970 నుంచి వేరే దారి పట్టింది. బడిలో చదివే 11 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు మాత్రమే వేసింది. చిన్నపిల్లల్లో జబ్బు తిరిగితే తిరగనీ, చాలామందికి సహజంగానే రక్షణ వస్తుంది, రానివారికి పెళ్ళి వయసుకు ముందు టీకా వేద్దాం అన్నది వారి ఆలోచన. మన అమ్మమ్మల ఆలోచనకు ఇది చాలా దగ్గర!

రెండింటిలో ఏది మేలు? 1980ల్లో రాయ్ ఆండర్సన్, రాబర్ట్ మే వంటి శాస్త్రవేత్తలు వయసులవారీ లెక్కలు కట్టి చెప్పిన జవాబు ఆలోచించదగ్గది. టీకా అందేవారు తక్కువగా ఉండే దేశానికి బ్రిటన్ దారి క్షేమం. చాలా ఎక్కువమందికి అందించగలిగిన దేశానికి అమెరికా దారి మేలు. అంటే ఏ దారి మంచిదన్నది టీకా ఎంతమందికి చేరుతుందన్న దాని మీద ఆధారపడింది. బ్రిటన్ 1988లో తన పద్ధతి మార్చుకొని పిల్లలందరికీ టీకా వేయడం ప్రారంభించింది.

గ్రీసు దేశంలో మాత్రం ఈ హెచ్చరిక కళ్ళ ముందే నిజమైంది. అక్కడ 1975 ప్రాంతంలో ఈ టీకా వాడకంలోకి వచ్చింది. చిన్నపిల్లలకు వేయించేవారు వేయించారు. 1980లంతా అందుకున్నవారు సగానికంటే తక్కువే. యువతులకు రక్షణ కల్పించే ఏర్పాటు విడిగా ఏమీ జరగలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ రక్షణ లేని గర్భిణుల సంఖ్య మెల్లగా పెరుగుతూ పోయింది. 1993లో రూబెల్లా వచ్చినప్పుడు, అంతకుముందు ఏ విడతలోనూ లేనంతగా యువతీయువకులకు సోకింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో 25 మందికి పుట్టుకతో వచ్చే రూబెల్లా లోపాలు నిర్ధారణ అయ్యాయి. ఎవరూ చెడు చేయాలని చేయలేదు. తల్లిదండ్రులు తమ బిడ్డకు మేలే చేశారు. మంచిపని సగంలో ఆగిపోయింది, అంతే.

మా తప్పు కూడా చెప్పుకోవాలి

గ్రీసు సంగతి మొదటిసారి ఒక శిక్షణ తరగతిలో విన్నప్పుడు మేము తలదించుకున్నాం. ఎందుకంటే మన దేశంలోనూ చాలా ఏళ్ళు అదే జరిగింది. ప్రభుత్వ టీకాల పట్టికలో రూబెల్లా చేరకముందు, తట్టు, గవదబిళ్ళలు, రూబెల్లా మూడింటికీ కలిపి ఉండే ఎంఎంఆర్ టీకా డబ్బు పెట్టి కొనుక్కున్నవారికే దొరికేది. మేమూ అలాగే వేశాం. ఓపీలో ధర చెప్పేవాళ్ళం. కొనగలిగినవారు వేయించుకొనేవారు, లేనివారు "వచ్చే నెల చూద్దాం అమ్మగారూ" అని బిడ్డను చంకనేసుకొని వెళ్ళిపోయేవారు. వారు మళ్ళీ రాలేదు, మేమూ పిలవలేదు. పైగా కొందరికి, "ఒక డోసు పడింది కదా, రెండోది వీలు చూసుకొని వేయించండి" అని మేమే చెప్పి పంపాం.

పైన చెప్పిన ఆ బిడ్డకు జరిగినది మా పొరపాటు వల్లనే అని మేము అనలేము. ఒక్క బిడ్డ విషయంలో కారణం అలా తేల్చి చెప్పడం ఏ లెక్కకూ సాధ్యం కాదు. కానీ జేబును బట్టి టీకా వేసినంతకాలం, ఊరు హద్దు దాటదన్నది మాత్రం నిజం. కొనుక్కున్న ఇంటికి రక్షణ దొరికింది. కొనలేని ఇంటి ఆడపిల్లకు జబ్బు చిన్నతనంలో తప్పిపోయి, తల్లి అయ్యే వయసులో ఎదురయ్యే అవకాశం పెరిగింది. సేవకోసం పెట్టిన ఆసుపత్రిలో పనిచేస్తూ ఈ సంగతి ఆలోచించకపోవడం మా లోపమే.

2017 తర్వాత

2017 ఫిబ్రవరిలో మన దేశంలో తట్టు, రూబెల్లా టీకా కార్యక్రమం కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది. ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వచ్చింది. ఆ రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 9 నెలలు నిండిన బిడ్డ మొదలుకొని 15 ఏళ్ళ లోపు పిల్లలందరికీ బడుల్లో, అంగన్‌వాడీల్లో వేశారు. "ఇదివరకే వేయించాం కదా, మళ్ళీ ఎందుకు?" అని కొందరు తల్లిదండ్రులు గొడవపడ్డారు. ఫోన్లలో పుకార్లు తిరిగాయి. అంత పెద్ద వయసువారికి కూడా ఎందుకు వేశారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. పసిపిల్లలకు మాత్రమే మొదలుపెట్టి వదిలేస్తే, వారికంటే పెద్దపిల్లలు రక్షణ లేకుండా తల్లులయ్యే వయసుకు చేరతారు. ఆ సందును మూయడానికే ఒక్కసారిగా పదిహేనేళ్ళ వయసు దాకా వేశారు. ఆ నిర్ణయం వెనుక ఉన్నది ఈ వయసు లెక్కే.

ఇప్పుడు ప్రతి బిడ్డకు రెండు డోసులు ఉచితం. మొదటిది 9 నెలలు నిండిన తర్వాత, 12 నెలల లోపు. రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. తట్టు, రూబెల్లా రెండింటికీ ఒకే సూది. తట్టు ఇంకా వేగంగా అంటుకొనే జబ్బు. రక్షణ లేనిచోట ఒక్కరు 12 నుంచి 18 మందికి అంటిస్తారు. అందుకని దాని హద్దు ఇంకా పైన, వందకు 95 దగ్గర ఉంది.

పొరుగున ఉన్న శ్రీలంక ఈ పని సాధించింది. అక్కడ 1996లోనే బిడ్డలు కనే వయసు స్త్రీలకు రూబెల్లా టీకా ప్రారంభించారు. 2020లో ఆ దేశం తట్టును, రూబెల్లాను నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అమెరికా ఖండాలు రెండూ 2015లో రూబెల్లా నుంచి బయటపడ్డాయి. కాబట్టి ఇది గాలిలో మేడ కాదు.

అయితే మన దగ్గర ఒక వరుస మిగిలిపోయింది. 2017 ఆగస్టు నాటికి పదిహేను దాటినవారు, అంటే సుమారుగా 2002 మధ్య భాగానికి ముందు పుట్టినవారు, ఆ కార్యక్రమంలోకి రాలేదు. వారిలో చాలామందికి చిన్నతనంలోనే జబ్బు వచ్చి రక్షణ ఏర్పడి ఉంటుంది. కానీ అందరికీ కాదు. ఆ రోజుల్లో మన దేశంలో జరిగిన సర్వేలలో, బిడ్డలు కనే వయసు స్త్రీలలో పదిమందికి ఒకరి నుంచి ముగ్గురి వరకు రక్షణ లేనట్లు వివిధ ప్రాంతాల్లో తేలింది. మా గర్భిణీ ఓపీకి వచ్చే తల్లుల్లో, మాతో పనిచేసే నర్సుల్లో, మీ ఇంటి కోడళ్ళలో ఈ వరుసవారు ఇంకా ఉన్నారు.

లెక్క సోది చెప్పదు

"కరోనాప్పుడు లెక్కలన్నీ తప్పాయి కదా, ఈ లెక్కలను ఎలా నమ్మడం?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గణిత నమూనా రేపు ఏం జరుగుతుందో సోది చెప్పదు. "ఇలా చేస్తే ఇలా జరిగే అవకాశం ఉంది" అని మాత్రమే చెబుతుంది. అందులో పోసిన సమాచారం తప్పయితే జవాబూ తప్పుతుంది. మనుషులు నడవడి మార్చుకుంటే జవాబు మారుతుంది. మేము పైన వేసిన భాగహారం కూడా మోటు లెక్కే. అసలు లెక్కల్లో జననాల రేటు, ఏ వయసువారు ఎవరితో కలుస్తారు వంటివి ఎన్నో ఉంటాయి.

కొత్త సమాచారం వస్తే శాస్త్రజ్ఞులు మాట మార్చుకుంటారు కూడా. కనీసం 80 శాతం పిల్లలకు టీకా అందించగలిగిన దేశాలే రూబెల్లా టీకా మొదలుపెట్టాలని చాలాకాలం ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. గ్రీసు వంటి అనుభవం మళ్ళీ రాకూడదన్నదే కారణం. కానీ అలా ఎదురుచూస్తూ ఉన్న పేద దేశాల్లోనే ఎక్కువమంది బిడ్డలు నష్టపోతూ వచ్చారు. 2019లో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 వేలమంది పిల్లలు ఈ లోపాలతో పుట్టారని అంచనా. లెక్కలు మళ్ళీ కట్టి చూసి, 2024 సెప్టెంబరులో ఆ సంస్థ నిపుణుల బృందం 80 శాతం నియమాన్ని తీసివేయాలని సూచించింది. దీని అర్థం సగం టీకా చాలని కాదు. హద్దు అవతల నిలబడి ఎదురుచూస్తూ ఉండడం కంటే, మొదలుపెట్టి హద్దు దాటేదాకా పనిచేయడం మేలని.

మీకు మా మనవి

ఇంతకీ మా అభిప్రాయం ఇది. "మా బిడ్డకు వేయించాం, మా పని అయిపోయింది" అనుకోవడం ఈ జబ్బు విషయంలో చాలదు. ఊళ్ళో సగంమంది వేయించి సగంమంది మానేస్తే, మానేసిన ఇళ్ళ ఆడపిల్లలకు ప్రమాదం తప్పదు, పెద్ద వయసుకు వాయిదా పడుతుంది. అందుకని ఈ మనవులు.

మీ బిడ్డ టీకా కార్డు ఈ రోజే తీసి చూడండి. రెండో డోసు గడి ఖాళీగా ఉంటే, వయసు దాటిందని సిగ్గుపడి ఊరుకోకండి. ఐదేళ్ళ లోపు ఆలస్యమైనా వేస్తారు. ఆలస్యమైందని ఇక్కడ ఎవరూ కోప్పడరు. మగపిల్లలకు కూడా తప్పనిసరిగా వేయించండి. గర్భిణికి జబ్బు తెచ్చేది చాలాసార్లు ఇంట్లోని మేనల్లుడో, మరిదో, భర్తో అవుతారు.

మీ ఇంట్లో పెళ్ళికి ఉన్న అమ్మాయి ఉంటే, చిన్నప్పుడు ఈ టీకా పడిందో లేదో చూడండి. తెలియకపోతే డాక్టరుగారిని అడగండి. టీకా వేయించుకున్నాక నెల రోజులపాటు గర్భం రాకుండా చూసుకోవాలి. కాబట్టి గుడిలో పెళ్ళి ప్రకటన చదివే మూడు ఆదివారాల వరకు ఆగకుండా, సంబంధం ఖాయమైన వారంలోనే రండి. బట్టలకూ బంగారానికీ చేసే జాబితాలో ఇది కూడా రాసుకోండి.

గర్భిణులకు ఈ టీకా వేయరు. గర్భం తెలియక వేయించుకున్నవారు భయపడవద్దు, దాని కారణంగా గర్భం తీయించుకోనవసరం లేదు, డాక్టరుగారికి చెబితే చాలు. నెలలు నిండనివారు జ్వరం, దద్దుర్లు ఉన్న పిల్లలకు దూరంగా ఉండండి. మీకే దద్దుర్లు వస్తే వేడి చేసిందనుకోకుండా వెంటనే చూపించుకోండి. కాన్పు అయిన తర్వాత, పాలిచ్చే తల్లులు ఈ టీకా నిర్భయంగా వేయించుకోవచ్చు.

మా వంతు కూడా ఉంది. మా నర్సుల్లో, విద్యార్థినుల్లో టీకా పడనివారిని గుర్తించి వేయించాలని, కాన్పు అయిన ప్రతి తల్లినీ ఇంటికి పంపేముందు ఈ విషయం అడగాలని వార్డు సిస్టర్లందరితో మాట్లాడుకున్నాం. "వీలు చూసుకొని రండి" అన్న మాటను మా ఓపీలో ఇక అనకూడదనుకున్నాం. తేదీ రాసిస్తాం. రాకపోతే కబురు పంపుతాం.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఆనాడు మేము జవాబు చెప్పలేకపోయాం. ఈనాడు చెప్పగలం. అయితే ఆ ప్రశ్న అడగవలసిన అవసరం మరో తల్లికి రాకుండా చూడడమే అసలు జవాబు. అది ఏ ఒక్క ఇంటివల్లా కాదు. ఏడిళ్ళలో కనీసం ఆరిళ్ళు కలిసిరావాలి. ఆ ఏడో ఇల్లు కూడా వస్తే మరీ సంతోషం.